గొంగడి కింద పలికిన సబ్బుపెట్టె

పందొమ్మిది వందల అరవైల్లో నేను నల్లగొండలో ఒక కాలేజీలో భౌతికశాస్త్రం ప్రయోగశాల అటెండరును. గాజు సామాను కడగటం, బ్యాటరీల్లో నీళ్లు పోయటం, పిల్లలు తెంపిన తీగలు మళ్లీ అతకటం నా పని. చదివింది మెట్రిక్ దాకానే. అయినా లెక్చరర్లు బల్లల మీద వదిలేసి వెళ్లిన పుస్తకాలు, పత్రికలు ఒక్కటీ వదలకుండా చదివేవాణ్ని. సగం అర్థమయ్యేది, మిగతా సగం అర్థమైనట్టు నటించేవాణ్ని. దానివల్ల నా తల కాస్త బరువెక్కింది. ఊరికి వెళ్తే అన్నతో సరిగ్గా మాట్లాడేవాణ్ని కాదు, అమ్మ ఏదైనా అడిగితే విసుక్కునేవాణ్ని. ఆ బరువు దింపినవాళ్ల పట్ల ఇప్పటికీ నాకు ఎంతో కృతజ్ఞత ఉంది. వాళ్లిద్దరికీ చదువు రాదు. వాళ్లు మా అమ్మ, మా బాపు.

మాది నకిరేకల్లుకు రెండు కోసుల దూరంలో ఉన్న పల్లె. బాపు గొర్రెలు కాసేవాడు. ఉన్న కాస్త చెలక అన్న దున్నేవాడు. నేను నల్లగొండలో చేరిన ఏడాదే బాపుకు విడవని జ్వరం పట్టింది. నల్లగొండ దవాఖానలో నెల రోజులున్నాడు. జ్వరం దిగింది కానీ వినికిడి కూడా దానితోపాటే వెళ్లిపోయింది. పక్కన నిలబడి అరిస్తే ఏదో గొణుగుడు వినిపించేది, అంతే.

గొర్రెల కాపరికి కళ్లకన్నా చెవులు ముఖ్యమని నాకు అప్పటిదాకా తెలియదు. మంద ఎటు కదులుతోందో ముందు నడిచే పొట్టేలు మెడలోని గంట చెబుతుంది. పిల్ల తప్పిపోతే తల్లి అరుపు చెబుతుంది. తోడేలు వస్తే మంద మొత్తం ఒక్కసారిగా కాళ్లు నేలకేసి కొడుతుంది. ఇవేవీ వినిపించని మనిషి, గుట్ట కింద బండ మీద కూర్చుని ఉండగానే, వెనక నుంచి రెండు గొర్రెపిల్లలు పోయాయి. ఆయన తిరిగి చూసేసరికి నేల మీద నెత్తురు ఉందట. ఆ రోజు బాపు అన్నం ముట్టలేదని అమ్మ చెప్పింది.

దసరాకు రెండు రోజుల ముందు నేను ఊరికి వెళ్లేసరికి ఇంట్లో ఇదే పంచాయితీ. మంద అమ్మేద్దామని అన్న పట్టుబట్టాడు. నకిరేకల్లు నుంచి ఒక వ్యాపారి పున్నమి నాడు వస్తానన్నాడు. దసరా పోయిన ఐదో రోజే పున్నమి. అన్న చెడ్డవాడు కాదు. పిల్లలు పోయినట్టే ఏదో ఒకరోజు బాపు కూడా ఏ గుట్ట కింద పడిపోతాడో, కేకేసినా వినపడదే అని అతని భయం.

బాపు నన్ను పక్కకు పిలిచాడు. చెవిటివాళ్ల గొంతు పెద్దది కదా, ఆయన గుసగుసలాడితే వీధి చివరికి వినపడేది.

"నువ్వు కాలేజీల మిషన్లు జేస్తవంట గద. నాకొక చెవి జెయ్ కొడుకా. మంద లేకుంటే పొద్దుగాల లేసి నేనేడికి పోవాలె?"

నిజానికి నేను ఆ పని మీదే వచ్చాను. చెవిటివాళ్లకు పనికొచ్చే చిన్న యంత్రం బొమ్మ ఒకటి ఇంగ్లీషు పత్రికలో చూసి కాగితం మీద దించుకున్నాను. హైదరాబాదు జుమ్మేరాత్ బజారులో పాత సామాను అమ్మే ఒక ముసలాయన దగ్గర మైకు బిళ్ల, చెవిలో పెట్టుకునే బుడిపె, మూడు ట్రాన్సిస్టర్లు సంపాదించాను. ట్రాన్సిస్టర్లంటే వేపకాయంత గాజు బుడ్లు. ఒక్కోదానికి కింద మూడు తీగలు, పైన నల్లరంగు, ఒక పక్కన ఎర్రచుక్క. ఏ తీగ ఏదో గుర్తు తెలియడానికి ఆ చుక్క పెడతారు. చెడిపోయిన రేడియోల్లోంచి పీకిన సరుకు కాబట్టి అక్కడక్కడా రంగు రాలి ఉంది. లాంతరు వెలుగులో ఒకసారి చూసి డబ్బాలో వేసుకున్నాను.

దసరా పొద్దున అమ్మ ఇంట్లోని పనిముట్లన్నీ కడిగి పూజలో పెట్టింది. పీట మీద నాగలి కర్రు, కొడవలి, బొచ్చు కత్తిరించే కత్తెర, పక్కనే నా పట్టకారు, కరెంటు కొలిచే మీటరు. ముందు వరసలో తమలపాకు మీద నా మూడు ట్రాన్సిస్టర్లు. అన్నిటికీ బొట్లు. నాకు నవ్వాగలేదు.

"గీటికి గూడ మొక్కుతవా అమ్మా?"

"గీటితోనే గద మీ బాపుకు చెవులొచ్చేది. ముందుగాల గీటికే మొక్కాలె," అంది, నా వైపు చూడకుండానే.

మర్నాడు యంత్రం అతికాను. ఊళ్లో కరెంటు లేదు. బొగ్గుల కుంపట్లో ఇనుము కాల్చుకుని, సీసం కరిగించి ఒక్కొక్క అతుకు పెట్టాను. అంతా ఒక సబ్బుపెట్టెలో సర్దాను. అవతలి వెలుతురు కనిపించేంత పల్చటి గులాబిరంగు ప్లాస్టిక్ పెట్టె అది, అప్పట్లో మా ఊరికి అదే పెద్ద వింత. మెడలో వేసుకోవడానికి దారం కట్టాను. మధ్యలో పెట్టిన ట్రాన్సిస్టరు మాత్రం తక్కిన రెండిటిలా నల్లగా లేదు, గాజుపూసలా తేటగా ఉంది, లోపల తెల్లటి ముద్దేదో కనిపిస్తోంది. పాత సరుకు కదా, రంగు పోయి ఉంటుందనుకున్నాను. రంగు అందానికే వేస్తారని నా నమ్మకం.

ఇంట్లో మంచం మీద బాపును కూర్చోబెట్టి బుడిపె చెవిలో పెట్టాను. అమ్మ మూలలో ఏదో సర్దుతూ చెంబు కింద పెట్టింది. బాపు ఉలిక్కిపడి అటు చూశాడు. తర్వాత వాకిట్లో కోడి కొక్కొరించింది.

"గీ కోడి రోజూ గింత లొల్లి జేస్తదా?" అన్నాడు.

అమ్మ కొంగుతో నోరు మూసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. నాకూ కళ్లు చెమర్చాయి. ఒప్పుకోవడానికి సిగ్గెందుకు, ఆ పూట నేను గాల్లో నడిచాను. అన్న కూడా, "పర్వాలేదు తమ్మీ," అన్నాడు. అతని నోట అంతమాట రావటం గొప్పే.

రెండో రోజు పొద్దున బాపు మెడలో పెట్టె వేసుకుని మంద తోలుకుపోయాడు. మధ్యాహ్నం తిరిగొచ్చి, బుడిపె తీసి నా చేతిలో పెట్టాడు.

"బయట పలుకుతలేదు. గడప లోపల మంచిగ పలుకుతది, గడప దాటితే బందైతది."

నమ్మబుద్ధి కాలేదు. నా చెవిలో పెట్టుకుని వాకిట్లోకి వెళ్లాను. ఒక్కసారి చిటపటమని, తర్వాత నిశ్శబ్దం. వెనక్కి వచ్చి గడప లోపల అడుగుపెట్టగానే అమ్మ గాజుల చప్పుడు చెవిలో గణగణలాడింది. అలా పదిసార్లు లోపలికీ బయటికీ తిరిగాను. పొయ్యి దగ్గర నుంచి అమ్మ నన్నే చూస్తోంది. దిష్టి తగిలిందేమోనని ఏదో అనబోతే, కాసేపు నోరు మూసుకోమ్మా అని కసిరాను. పున్నమికి ఇంకా మూడు రోజులే ఉన్నాయి.

పెట్టె విప్పి, కాలేజీ నుంచి అడిగి తెచ్చుకున్న మీటరుతో కొలిచాను. ఇంట్లో అన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయి. ఎండలో పెట్టి కొలిస్తే నడిమి ట్రాన్సిస్టరు దగ్గర మీటరు ముల్లు పడిపోయింది. అంటే కరెంటు అక్కడ అదుపు లేకుండా కారిపోతోంది. నాకు సంతోషమేసింది, ఎందుకంటే కారణం పుస్తకంలో ఉంది. ఈ రకం ట్రాన్సిస్టర్లకు వేడి పడదు, వేడెక్కితే కరెంటు కారుతుంది. మా నల్లగొండ ఎండ సంగతి చెప్పాలా. దసరా వెళ్లినా బండలు కాలుతూనే ఉంటాయి.

పెట్టెకు తడిగుడ్డ చుట్టి ఎండలో పెట్టాను. వెంటనే పలికింది. చూశావా, వేడే, అని నాకు నేనే భుజం తట్టుకున్నాను. కానీ తడిగుడ్డలో చుట్టి పెట్టెను ఎన్నాళ్లు మోస్తాడు? నీళ్లు దిగితే మైకు బిళ్ల నాశనమే. అందుకని పగిలిన కుండ అడుగును తడిపి, ఆ చల్లటి పెంకు మీద పెట్టె పెట్టి చూశాను. పలకలేదు. మూడో రోజు సూర్యుడు పొడుస్తుండగానే లేచి, ఇంకా మంచు చలి వదలని వేళ, గడ్డివాము పక్కన ఎండపొడలో నిలబడి చూశాను. ఒళ్లు వణుకుతోంది, పెట్టె చల్లగా ఉంది, అయినా పలకలేదు. తడిగుడ్డలో వేడే కారణమన్న యంత్రం, చలిలో ఏమంటోందో నాకు తెలియలేదు. అతుకులన్నీ మళ్లీ కరిగించి పెట్టాను. సెల్లులు మార్చాను. ఒక తీగ తెగితే కోపంతో పట్టకారు గోడకేసి కొట్టాను. ఆ గోడ మీద గాటు చాలా ఏళ్లు ఉండేది.

ఆ మధ్యాహ్నం ఓడిపోయాను. బాపు లోపల మంచం మీద పడుకుని ఉన్నాడు. నేనూ అన్నా బయట అరుగు మీద కూర్చున్నాం. బాపు ముందు ఎంత పెద్ద విషయమైనా గొంతు తగ్గించకుండా మాట్లాడటం మా ఇద్దరికీ మూడేళ్ల అలవాటు.

"గిది బయటకు పనికిరాదన్నా," అన్నాను. "ఇంట్ల కూసుండి ముచ్చట ఇంటే సాలదా బాపుకు? ముసలోడు, చెవులు పోయినోడు, గింకా గొర్ల మంద ఎందుకు? నువ్వన్నదే నిజం. యాపారి రానీ, అమ్మెయ్. నేను కొత్త సెల్లులు దెస్తనని బాపుకు జెప్పి ఏదో తీరుగ పోతా."

అన్న తలూపాడు. అంతలా నా మాట విని ఒప్పుకున్నది ఆ ఒక్కసారే.

బాపుతో కూడా అదే అబద్ధం చెప్పాను. కొత్త సెల్లులు కావాలె, నల్లగొండకు పోయినంక పంపుతనన్నాను. ఆయన నా మొహం చూసి సరేనన్నట్టు తలూపాడు. పెట్టె మాత్రం మెడలోంచి తీయలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం బాపు మందను వదిలి ఇంటికొచ్చాడు. నా చెయ్యి పట్టుకుని చెలక గట్టు మీదికి తీసుకుపోయాడు. నెత్తి మీద మాడు పగిలే ఎండ. బాపు బండ మీద కూర్చుని, పాలమూరు వైపు నుంచి తెచ్చుకున్న నల్ల గొంగడి నెత్తి మీద నుంచి మోకాళ్ల దాకా కప్పుకున్నాడు. పెట్టె కూడా లోపలే.

"నువ్వు గా కంప దాంక పోయి ఏమన్న అను. మెల్లగ."

వెళ్లి మామూలు గొంతుతో, ఇయ్యాల కూరేంది, అన్నాను.

"బీరకాయ," అన్నాడు గొంగడిలోంచి.

గొంగడి తీసి, మళ్లీ అనమన్నాడు. అన్నాను. వినబడలేదు. మళ్లీ కప్పుకున్నాడు, వినబడింది. పరుగెత్తుకొచ్చి ఆ గొంగడిలో నేనూ దూరాను. ఊపిరాడని ఉక్క, ఉన్నివాసన. పెట్టె ముట్టుకుంటే చెయ్యి కాలింది. బుడిపె నా చెవిలో పెట్టుకుంటే దూరంగా మేస్తున్న పొట్టేలు గంట ఒక్కో మోత విడివిడిగా వినిపించింది. వేడి అన్న నా సిద్ధాంతం ఆ గొంగడిలోనే ఉడికిపోయింది.

"సల్లగుంటెనే పలుకుతదనుకున్న గద," అన్నాను, బుడిపె మళ్లీ ఆయన చెవిలో పెట్టి.

"సల్లదనం గాదు కొడుకా, సీకటి," అన్నాడు బాపు. "ఇంట్ల సీకటే గద. నీ తడిబట్ట కింద గూడ సీకటే గద. దీనికి ఎండ గాదు, ఎలుతురు పడుతలేదు."

నేను రెండు రోజులు కొలిచి కనుక్కోలేనిది ఆయన గొంగడి కప్పుకుని, విప్పుకుని కనుక్కున్నాడు. నేను చదివిన పుస్తకంలో వెలుతురు మాటే లేదు. ఉన్నా నేను దాటేసి ఉంటాను.

ఇంటికొచ్చి, వాకిట్లో ఎండ పడేచోట పెట్టె మూత తీశాను. బుడిపె చెవిలో పెట్టుకుని, ఒక్కో ట్రాన్సిస్టరు మీద వేలు అడ్డం పెట్టి చూశాను. మొదటిదానికి అడ్డం పెడితే ఏమీ లేదు. నడిమి దానికి, ఆ తేటగాజు దానికి వేలు అడ్డం పెట్టగానే ఊరంతా నా చెవిలో పడింది. వేలు తీస్తే మాయం. మళ్లీ పెట్టాను. తీసి చూసుకుంటే వేలి కొనకు ఎర్రగా అంటుకుని ఉంది. ఎర్రచుక్క అంటుకోవడమేమిటి? అది ఫ్యాక్టరీలో వేసిన రంగు కదా. వాసన చూశాను. కుంకుమ.

"అమ్మా," అన్నాను.

అమ్మ వచ్చి నా వేలు చూసి, అక్కడే గోడకు ఆనుకుని కూర్చుంది.

దసరా నాడు పూజకు ముందు అన్నిటిలాగే దాన్ని కూడా చింతపండు, ఇటుకపొడి వేసి తోమిందట. అరచేతికి నలుపు అంటుకుంటే మురికి అనుకుని ఇంకా గట్టిగా తోమింది. తోమగా తోమగా గాజు తేలింది, దాంతోపాటు ఎర్రచుక్క కూడా పోయింది. అప్పుడు భయమేసి మిగతా రెండూ ముట్టుకోలేదు.

"ఒక్కోదానికి ఒక్కో బొట్టు పెట్టి పంపిండ్రు, నేను దీనిది తుడిసేసిన. గందుకే ఏడుండెనో గాడనే మల్ల బొట్టు పెట్టిన. నీకు జెప్దామనుకున్న. నీ కోపం జూసి జెప్పలే."

నాకు కోపం రాలేదు. వచ్చింది సిగ్గు. ఆ చుక్క సరిగ్గా పాత చోటనే ఉండబట్టే నేను తీగలు తప్పు కలపలేదు. తెలియక పోగొట్టిన దాన్ని అంత జాగ్రత్తగా తిరిగి పెట్టిన మనిషిని, మూడు రోజులుగా నోరు మూసుకోమంటున్నాను. ఇంట్లో నాకు నిజం చెప్పాలంటే వాళ్లకు భయమని నాకు ఆరోజే తెలిసింది. అమ్మ పక్కన కూర్చుని, మంచిపని చేసినవమ్మా అన్నాను. నమ్మలేదు, అయినా నవ్వింది.

నలుపు పోయింది అమ్మ చేతిలోనే, మళ్లీ వచ్చిందీ అమ్మ చేతిలోనే. దీపం మసి గీకి, నానబెట్టిన తుమ్మబంకలో కలిపి, ఈనెపుల్లతో ఆ గాజు బుడ్డికి మూడు పూతలు పూసింది. ఆరిన తర్వాత, నేను అడగకుండానే కుంకుమ చుక్క పెట్టింది. తర్వాత కాలేజీలో లెక్చరర్ ఒకాయన చెప్పాడు, ఆ గాజులోని ముక్క మీద వెలుతురు పడితే కరెంటు దానంతటదే పారుతుందని, అందుకే నల్లరంగు పూస్తారని. కొందరైతే కావాలనే ఆ రంగు గీకేసి, వెలుతురును పట్టుకునే పనికి వాడతారట. మా అమ్మ ఇటుకపొడితో తోమి చూసిందని చెబితే ఆయన పడి పడి నవ్వాడు.

పున్నమి పొద్దున వ్యాపారి వచ్చాడు. బాపు చెలకలో ఎండకు ఎదురుగా, మాకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. గొంగడి ఇంట్లోనే వదిలి వెళ్లాడు. అన్న నా వైపు చూశాడు. కంప దగ్గర ఆగి, మామూలు గొంతుతో, బాపూ, అన్నాను.

ఆయన తిరిగి చూశాడు. చూసి, మళ్లీ అటు తిరిగి, దూరంగా పోతున్న పొట్టేలును నాలుకతో అదిలించాడు. అది ఆగింది.

అన్న వ్యాపారికి మజ్జిగ ఇప్పించి పంపేశాడు. "యాడాది పోనీ, సూద్దాం," అన్నాడు నాతో. ఆ మంద మరి పదకొండేళ్లు బాపుతోనే ఉంది.

ఆ సాయంత్రం నేను బస్సుకు బయలుదేరితే బాపు రోడ్డు దాకా వచ్చాడు. మెడలో పెట్టె. బస్సు ఇంకా రాలేదు. అటు ఎటో చూస్తూ, మునుపటిలా పెద్ద గొంతుతో కాక, తన గొంతు తనకు వినిపిస్తున్న మనిషిలా మెల్లగా అన్నాడు.

"మొన్న అరుగు మీద మీ అన్నతోని నువ్వు జెప్పినయన్ని ఇన్న."

లోపల చీకట్లో, మంచం మీద, చెవిలో బుడిపెతో పడుకున్న మనిషి. అక్కడ ఆ యంత్రం బ్రహ్మాండంగా పలుకుతుందని ఇల్లిల్లూ తిరిగి చెప్పుకున్నది నేనే. ముసలోడు, చెవులు పోయినోడు. అన్నీ విన్నాడు. సెల్లుల అబద్ధానికి తలూపినప్పుడు కూడా ఆయనకు అంతా తెలుసు.

ఏదో అనబోయాను. బాపు చేత్తో ఆపాడు.

"ఒక్క మాట గూడ పోలే. నువ్వు ముక్కు చీదింది గూడ ఇనవడ్డది. గంత మంచిగ జేసినవు, మిషన్ల ఏం తప్పు లేదు, తప్పు బయటనే ఉన్నదనుకున్న. గందుకే గొంగడి పట్టుకొని దిరిగిన."

బస్సు వచ్చింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. బాపు రోడ్డు పక్కన నిలబడే ఉన్నాడు, సబ్బుపెట్టెను ఇంజను మోతకు చేత్తో మూసి పట్టుకుని.